325, 326: ఒక లైబ్రేరియన్ తిరగరాసిన అంకెలు

గ్రంథాలయోద్యమం అనగానే మనకు అప్పజెప్పే చరిత్ర ఒకటుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి, గాడిచర్ల. కాదనం. కానీ ఆ సంఘం పుట్టిన మూడేళ్లకే, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచములు సభ పెట్టుకుని, ఇకమీదట తాము ఆది ఆంధ్రులమని చాటారు. ఈ రెండు సంగతుల్నీ ఒకే పేజీలో చెప్పిన గ్రంథాలయ చరిత్ర మా కంట పడలేదు. కట్టించినవాళ్ల పేర్లూ, దాతల పేర్లూ ఉంటాయి. లోపల కూచుని ఏ పుస్తకం ఏ బీరువాలోకి పోవాలో తేల్చినవాళ్లెవరో ఉండదు.

ఇది చిన్న విషయం కాదు. ఆ మధ్య మేం ఒక కాలేజీ లైబ్రరీలో 1995 నాటి దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ కోసం వెతికాం. కవిత్వంలో లేదు. సాంఘిక సంక్షేమం బీరువాలో, హాస్టళ్ల మీద వేసిన ప్రభుత్వ నివేదికల పక్కన దొరికింది. దళితుడు కవిత్వం రాసినా అది ‘సమస్య’ కిందికే పోవాలన్నమాట! అక్కడున్న ఉద్యోగిది దురుద్దేశం అనుకోం. ఆయనకు నేర్పిన చదువే అది.

ఆ చదువుని ఎదిరించిన మనిషి అమెరికాలో ఒకామె ఉంది. పేరు డొరొతీ పోర్టర్. 1905లో పుట్టిన నల్లజాతి స్త్రీ. మొదట పంతులమ్మ కావడానికి శిక్షణ పొందింది. 1928లో వాషింగ్టన్‌లోని హోవర్డు యూనివర్సిటీ లైబ్రరీలో చేరింది. కొలంబియా యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు చదివి 1932లో పైడిగ్రీ తెచ్చుకుంది. నల్లవాళ్లలో అక్కడ ఆ చదువు పూర్తిచేసిన మొదటి మనిషి ఆమే. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా చదివింది ఈ కొలంబియాలోనే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొలంబియాలో 1887లో మొట్టమొదటి లైబ్రరీ స్కూలు పెట్టింది మెల్విల్ డ్యూయీ. 1876లో ఆయన వేసిన అంకెల పద్ధతిలోనే మన దగ్గరా చాలాచోట్ల పుస్తకాలు సర్దుతారు. ఈ పెద్దమనిషి నడిపిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులోకి యూదులకూ నల్లవాళ్లకూ ప్రవేశం లేదు. యూదులు ఫిర్యాదు చేస్తే 1905లో ఆయన ఉద్యోగానికే ఎసరొచ్చింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకం మీద నుంచి ఆయన పేరు తీసెయ్యడానికి మాత్రం 2019 దాకా పట్టింది.

మనిషి సంగతి అలా ఉంచి, అంకెలు చూద్దాం. డ్యూయీ పద్ధతిలో మతానికి 200 నుంచి 299 దాకా ఇచ్చారు. అందులో 220 నుంచి 280ల దాకా క్రైస్తవానికే. ప్రపంచంలోని తక్కిన మతాలన్నీ 290లలో ఇరుక్కోవాలి. ఇక నల్లవాళ్లకి? 326 అంటే బానిసత్వం. 325 అంటే వలసలు. డొరొతీ పోర్టర్ సలహా కోసం ఇతర లైబ్రరీలను అడిగితే, నల్లవాళ్లు రాసిన పుస్తకం కవిత్వమైనా సరే 325లో పెట్టేస్తున్నామని చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. హోవర్డులో తనకన్నా ముందు పనిచేసిన స్త్రీలు మొదలుపెట్టిన పనిని అందుకుని, కవి పుస్తకం కవిత్వంలోకి, డాక్టరు పుస్తకం వైద్యంలోకి, సంగీతం, చరిత్ర, ఆటలు దేని చోటికి దాన్ని చేర్చింది. చూడ్డానికి అంకెల మార్పే. కానీ నల్లజాతికి బానిసత్వం తప్ప వేరే చరిత్ర లేదన్న మాటకి బీరువాల దగ్గరే సమాధానం చెప్పింది.

ఆమె పనికి మూలధనం, జెస్సీ మూర్‌లాండ్ అనే నల్లజాతి మతాచార్యుడు 1914లో హోవర్డుకిచ్చిన 3,000 పైచిలుకు పుస్తకాలూ పత్రాలూ. (మన బెజవాడ సంఘం సంవత్సరమే!) కొనడానికి డబ్బుల్లేవు. ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాసి అడుక్కుంది. ముసలాళ్లు పోయారని తెలిస్తే, కాగితాలు చెత్తబుట్టలోకి పోకముందే ఆ ఇంటికెళ్లి అటకలు దులిపింది. 1946లో ఆర్థర్ స్పింగార్న్ సేకరణ యూనివర్సిటీకి వచ్చింది. 1973లో ఆమె రిటైరయ్యేనాటికి ఆ సేకరణ 1,80,000 దాటింది. 1995లో ఆమె చనిపోయింది.

ఆమె ఒక్కతే అనుకుంటే తప్పు. లూయీవిల్‌లో 1905లో తెరిచిన నల్లవాళ్ల శాఖని థామస్ ఫౌంటెన్ బ్లూ నడిపి, తనవాళ్లకి అక్కడే శిక్షణ ఇచ్చాడు. హాంప్టన్‌లో నల్లవాళ్ల కోసం పెట్టిన లైబ్రరీ స్కూలు 1925 నుంచి 1939 దాకా బతికింది. తెల్లవాళ్ల సంఘాల తలుపులు మాత్రం ఇ.జె. జోసీ లాంటివాళ్లు 1964లో తీర్మానం పెట్టి తోస్తేగాని కదల్లేదు.

మన దగ్గర ఆంధ్ర యూనివర్సిటీ 1935లోనే ఈ చదువు మొదలెట్టింది. 1960లో చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను పల్లెలూ పేటలూ కూడా కడుతున్నాయి. మన పిల్లలు బి.లిబ్. చదువుతున్నారు. ఉద్యోగం కోసమే చదువుతున్నారని పెదవి విరిచేవాళ్లున్నారు. డొరొతీ పోర్టర్ కూడా జీతానికే చేసింది మరి. అసలు చిక్కు వేరే ఉంది. పర్మినెంటు పోస్టు ఖాళీ అయితే నింపరు, కాంట్రాక్టు మీద నెట్టుకొస్తారు. కార్డు క్యాటలాగు పోయి కంప్యూటర్ వచ్చింది. ఒకచోట తయారైన రికార్డుని పదిచోట్ల దించుకుంటారు. అంటే మొదట ఎవరు ఏ మాటతో నమోదు చేస్తే అదే అన్నిచోట్లా పాకుతుంది. కవిత్వాన్ని సంక్షేమంలో పెట్టిన ఆ పొరపాటు ఇంతకుముందు ఒక్క గదికి పరిమితం. ఇప్పుడలా కాదు.

అసలు నమోదే కానివి ఇంకా ఎన్నో. భాగ్యరెడ్డివర్మ 1931లో మొదలుపెట్టిన ‘భాగ్యనగర్’ పత్రిక, కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పేర్లయినా మిగిలాయి. ఊళ్లలో సంఘాలు వేసిన కరపత్రాలు, సభల పిలుపులు, పాటల పుస్తకాలు ఎక్కడున్నాయి? పాత కార్యకర్తల ఇళ్లల్లో, రేకు పెట్టెల్లో. మాలో లైబ్రరీ సైన్సు చదివిన ఒక మిత్రుడు ఆదివారాలు అలాంటి ఒక పెట్టె ముందు కూచుంటున్నాడు. ఇప్పటికి సగం అయింది. అడుగున చెదపట్టిన కట్ట ఒకటుంది, ముందు దాన్నే తియ్యమన్నాం.