సెల్యులైట్: ఒక మాట రోగంగా మారిన కథ

తొడల మీద, పిరుదుల మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనిపించడాన్ని సెల్యులైట్ అంటారు. దీనిని పోగొడతామంటూ క్రీములు, మసాజ్ యంత్రాలు, లేజర్లు, ఇంజెక్షన్లు మీ ముందుకు వస్తుంటాయి. వాటిలో ఒకదానిని ఎంచుకునే ముందు ఈ మాట చరిత్ర తెలుసుకోవడం మేలు.

ఫ్లాండర్స్ చిత్రకారుడు రూబెన్స్ (1577–1640) స్త్రీ దేహాలను ఈ గుంటలతోనే చిత్రించాడు. దానిని నాడెవరూ రోగమనలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యులు చర్మం కింది కణజాలానికి వచ్చే శోథను ‘సెల్యులైట్’ అన్నారు. తరువాతి శతాబ్దంలో ఆ పేరు ఏ శోథా లేని ఈ గుంటలకు అంటుకుంది. 1968లో వోగ్ పత్రిక ఆ మాటను అమెరికాకు పరిచయం చేసింది. 1973లో న్యూయార్క్ సౌందర్యశాల నిర్వాహకురాలు నికోల్ రోన్సార్ రాసిన పుస్తకం, శరీరంలో మిగిలిపోయిన మలినాలే దీనికి కారణమని ప్రచారం చేసింది. అంగడి పెరిగింది.

1978లో జర్మన్ వైద్యులు న్యూర్న్‌బెర్గర్, ముల్లర్ తమ పరిశోధనా వ్యాసం శీర్షికలోనే దీనిని ‘కల్పిత వ్యాధి’ అన్నారు. స్త్రీలలో చర్మాన్ని లోపలికి పట్టి ఉంచే నారపోగులు నిలువుగా ఉంటాయి. పురుషులలో ఏటవాలుగా అల్లుకొని ఉంటాయి. దూది పరుపును గుర్తుకు తెచ్చుకోండి. కుట్టు పడినచోట గుంట, మధ్యలో ఉబ్బు. ఇదీ అంతే. అందుకే సన్నని స్త్రీలలోనూ ఇది కనిపిస్తుంది.

కనుక ఏ చికిత్సనైనా ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇది ఆ పోగులను చేరుతుందా? క్రీములు చేరవు. మసాజ్ ఫలితం తాత్కాలికం. కొవ్వు తీసే శస్త్రచికిత్సతో గుంటలు మరింత స్పష్టం కావచ్చు. చర్మం కింద పోగులను తెంచే సబ్‌సిషన్ ఫలితం కొంతకాలం నిలుస్తుంది. అయితే కమిలిన మచ్చలు, నొప్పి తప్పవు. పోగులను కరిగించే కొల్లాజినేజ్ ఇంజెక్షన్‌కు 2020లో అమెరికా అనుమతి లభించింది. కానీ కమిలిన గాయాలు, చర్మపు రంగు మార్పుల కారణంగా 2022 డిసెంబరులో తయారీదారే దాని ఉత్పత్తిని, అమ్మకాన్ని ఆపివేస్తున్నట్లు ప్రకటించాడు. చామనఛాయ చర్మంలో ఇటువంటి మచ్చలు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏ చికిత్సా వద్దనుకోవడం కూడా సముచితమైన నిర్ణయమే.

చివరిగా ఒక హెచ్చరిక. కాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పితో జ్వరం వస్తే అది సెల్యులైటిస్. సూక్ష్మక్రిముల వల్ల వచ్చే నిజమైన రోగం. పేర్ల పోలిక చూసి పొరబడకండి. ఆ రోజే వైద్యుణ్ణి కలవండి.