అమ్రాబాద్ బోర్లు

గని వేరు, అన్వేషణ వేరు అంటారు. మేం ఒప్పుకోం. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి సూత్రప్రాయంగా సరే అంది. బోరు వెయ్యాలంటే రిగ్గు రావాలి, రిగ్గుకి దారి కావాలి, దారికి చెట్లు పోవాలి. నీళ్లూ కావాలి, ఎండాకాలం చెంచు పెంటలకే చాలని నీళ్లు!

చెంచులు ఎదురు నిలిచారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా యురేనియం వద్దని తీర్మానం చేసింది.

ఆ ఫైలు కమిటీ ముందుకొచ్చింది 1980 అటవీ సంరక్షణ చట్టం వల్లే. అదే చట్టానికి 2023లో సవరణ తెచ్చారు. ఇప్పుడు కేంద్రం కొన్ని షరతులు రాసి, అన్వేషణను అటవీయేతర పనిగా లెక్కించక్కర్లేదని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ షరతుల్లో గ్రామసభ మాట ఎక్కడుందో మనమే చదివి పెంటల్లో చెప్పాలి, రిగ్గు రాకముందే.