బాట చెట్టు, రాతికట్టు: ఆదోని సీమలో వాని రక్షణ కథ

ఆదోని నుండి ఎమ్మిగనూరు మార్గమున వేసవి మధ్యాహ్నము నడచిన బాటసారికి నీడ విలువ ఒకరు చెప్పనక్కఱలేదు. ఇది వాన తక్కువ సీమ. నల్లరేగడి నేలలు ఎండకు నెఱ్ఱెలు విచ్చును. రాతి గుట్టలు కాలిన పెనములవలె వేడెక్కును. ఇట్టి చోట బాట ప్రక్కనున్న వేపయు, మఱ్ఱియు, చింతయు బాటసారులకును పశువులకును ఆశ్రయములు. చెట్టు మొదట రాళ్ళు పేర్చిన కట్ట కూర్చుండుటకు పీట. చేని అంచున పేర్చిన రాతికట్టు పంటకు కంచె, బాటకు హద్దు. వీనిని కాపాడవలెనను తలంపు ఈ సీమకు క్రొత్తది కాదు. దానికి రెండు వేల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

ఆదోనికి ఆగ్నేయమున, గుత్తికి చేరువగా, తుగ్గలి మండలములో ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి బండలపై క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో శాసనములు చెక్కించెను. అందు రెండవ శిలాశాసనము మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంబడి చెట్లు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు తెలుపుచున్నది. బాట చెట్టునకు రాజ్యము బాధ్యత వహించినదనుటకు ఈ ప్రాంతమున ఇంతకంటె పాత సాక్ష్యము లేదు.

అచ్చటి మఱియొక చిన్న శాసనమును గూడ గమనింపదగును. తల్లిదండ్రుల మాట వినవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను అను ధర్మములను రజ్జుకులను అధికారులు భేరి మ్రోగించి జానపదులకు తెలుపవలెనని అందు గలదు. బండపై చెక్కిన మాట చదువరాని వానికి చేరదని ఆ చక్రవర్తి యెఱుగును. శాసనము చెక్కుట ఒక పని. దానిని జనుల చెవిని వేయుట వేఱొక పని. బాట చెట్ల చరిత్ర యంతయు ఈ రెండు పనుల నడుమ నడచినది.

ఆదవాని దుర్గము విజయనగర రాజులు, బిజాపురపు సుల్తానులు, మొగలాయీలు, నైజాము, టిప్పు సుల్తాను మొదలైన వారి చేతులు మారినది. 1800లో దత్తమండలములతోబాటు ఆదోని ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించి, పిదప బళ్ళారి జిల్లాలో చేరెను. 1865లో ఆదోని పురపాలక సంఘ మేర్పడెను. 1871 నాటి లోకల్ ఫండు చట్టముతో రైతు భూమి శిస్తుపై రోడ్ల కొఱకు అదనపు పన్ను చెల్లింపవలసి వచ్చెను. 1876-78లో వచ్చిన ధాతు కరువున ఈ జిల్లాల జనులు కూటికై కరువు పనులకు పోయిరి. రోడ్డు వేయుటయు, కంకర కొట్టుటయు ఆ పనులలో ముఖ్యమైనవి. కావున ఈ సీమలోని బాట సర్కారు లెక్కలో ఉన్నను, దాని వెనుక రైతు పన్నును కూలివాని చెమటయు కలవు.

తరువాత నియమములు ఒకటి వెంట ఒకటి వచ్చెను. బాటలును, వాని ప్రక్క నేలయు ప్రభుత్వపు సొత్తని 1905 నాటి భూ ఆక్రమణ చట్టము చెప్పెను. తన భూమిలోని సర్వే రాళ్ళను రైతే చక్కగా నుంచి, పడినచో మరల నిలుపవలెనని 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము విధించెను. సర్కారు నాటిన హద్దు రాయిని పెఱుకుట 1860 నాటి శిక్షాస్మృతి ననుసరించి నేరము. 2024లో దాని స్థానమున వచ్చిన న్యాయసంహితలోను అది నేరమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా విడిచి కర్నూలు జిల్లాలో చేరెను. జిల్లా మారినను ఈ విధులు మారలేదు.

చెట్ల విషయమున పంచాయతీ చట్టములు స్పష్టముగా పలికినవి. 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, ఈ మూడును ఒక్క మాటనే చెప్పుచున్నవి: పంచాయతీ బాటపై పెరుగు చెట్టును అనుమతి లేక కొట్టరాదు, కొమ్మలు నఱకరాదు, బెరడు ఒలువరాదు, ఆకులు కాయలు కోయరాదు. పంచాయతీ ఏటేట చింతకాయకు వేలము పాట పెట్టుటయు ఈ హక్కు వలననే. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, సొంత భూమిలోని చెట్టును కొట్టుటకు గూడ అధికారి అనుమతి కోరినది. కొట్టిన వాడు మరల నాటవలెనని చెప్పినది.

ఇన్ని నియమములుండగా చెట్లు పడిపోవుటకు కారణమేమి? ఒక బాట రోడ్లు భవనముల శాఖది, ఒకటి జిల్లా పరిషత్తుది, ఒకటి పంచాయతీది. చెట్టు కూలిన తరువాత అది యెవరి చెట్టని విచారించుటలో దినములు గడచును. పూర్వము రెడ్డి, కరణము, తలారి అను గ్రామోద్యోగులకు ఏ రాయి ఎచ్చట నున్నదో, ఏ చెట్టు ఎవరు నాటిరో నోటికి వచ్చియుండెడిది. 1984లో రెడ్డి, కరణముల పాత ఉద్యోగములు రద్దయ్యెను. ఆ వ్యవస్థలో లోపము లెన్ని యున్నను, దానితోబాటు ఊరి జ్ఞాపకము కొంత పోయినది. బాట వెడల్పు చేయునప్పుడు మొదట పోవునది చెట్టు. పిదప పోవునది రాతికట్టు. దాని రాళ్ళు పునాదులకు బండ్లలో తరలును. కట్టు పోయిన చేనిలోనికి పశువులు దిగును. వానకు మన్ను బాటపైకి కొట్టుకొనివచ్చును.

నష్టము బాటసారి యొక్కనిదే కాదు. ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన పట్టణము. అచ్చటి నేతగాండ్ర సహకార సంఘము 1938లో ఏర్పడినది. పడుగు చాచి గంజి పట్టించు పని నేత ఊళ్ళలో నీడ గల వీధులందు జరుగుట పరిపాటి. వీధి చెట్టు పోయినచో ఆ పనికిని నీడ పోవును.

దూరదేశపు ఉదాహరణ మొకటి ఇచ్చట ఉపకరించును. అమెరికాలోని న్యూ హాంప్‌షైరు రాష్ట్రములో 1971 నాటి చట్టము ననుసరించి ఊరివారు సభలో ఓటు వేసి ఒక బాటను సుందర మార్గముగా ప్రకటించుకొనవచ్చును. అటు పిమ్మట ఆ బాట పనులలో చెట్లు కొట్టవలెనన్నను, రాతిగోడలు తీయవలెనన్నను, ముందుగా బహిరంగ విచారణ జరిపి వ్రాతమూలకమగు సమ్మతి పొందవలెను. మసాచుసెట్సు రాష్ట్రమును 1973లో ఇట్టి చట్టమునే చేసినది. ఈ పద్ధతిలో బలము శిక్ష వలన వచ్చినది కాదు. గొడ్డలి పడుటకు ముందే ఊరివారికి వార్త తెలియుటయే దాని బలము.

ఆదోని సీమ గ్రామములకు గ్రామసభ కలదు, పంచాయతీ కలదు, చట్టమును కలదు. కొఱవడినది ఎఱ్ఱగుడి శాసనము చెప్పిన ఆ భేరి. ఊరి బాటలు, వాని చెట్లు, కట్టలు, హద్దు రాళ్ళు ఒక చిట్టాలో వ్రాసి, చెట్ల నియమములను తేట తెలుగున ప్రక్కనుంచి, గ్రంథాలయపు బల్లపై ఎల్లవారికి అందునట్లు పెట్టుట పెద్ద వ్యయము కాదు. అట్టి చిట్టా యున్న ఊరిలో చెట్టు కూలినపుడు అది ఎవరిదని వెదకవలసిన పని యుండదు. చదువరాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింతురు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు పుస్తకములు దాచుట ఎంత ధర్మమో, ఊరి నీడను లెక్కలో నుంచుట అంత ధర్మము.