ఎక్కములును గణనయంత్రములును



బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర 1823వ సంవత్సరమున వ్రాసిన నివేదికలో ఆ జిల్లాయందలి 533 బడుల స్థితిని వర్ణించెను. అందు 226 తెలుగు బడులు. పిల్లలు దినమునకు రెండుమారులు బారులు తీరి నిలిచి, పెద్దపిల్లవాడొకడు చెప్పగా, ఎక్కములను, కొలతలను, తూనికలను, భిన్నములను వల్లించుచుండిరి. భిన్నములు నాలుగింటి చొప్పున దిగెడివి: పాతిక, వీసము, కాని. అంగడిలోనైనను కళ్ళములోనైనను కాగితమక్కఱలేక లెక్క తేల్చు శక్తి ఆ వల్లింపువలననే కలిగెడిది. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు రాగా వీసములకు పని తగ్గెను. ఎక్కములు మాత్రము నిలిచినవి.

యంత్రమునకును చరిత్ర గలదు. 1642లో ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్, పన్నుల లెక్కలతో అలసిన తండ్రికొఱకు కూడిక యంత్రమును నిర్మింప బూనెను. ఆ తండ్రి గణితవేత్తయే. యంత్రము ఆయన శ్రమను తగ్గించుటకేగాని ఆయనకు లెక్క నేర్పుటకు గాదు.

1967లో అమెరికాలో అరచేత నిముడు యంత్రపు తొలి నమూనా సిద్ధమయ్యెను. తరువాత ధరలు తగ్గగా అది బాలుర చేతికిని వచ్చెను. 1980లో ఆ దేశపు గణితోపాధ్యాయుల జాతీయ మండలి అన్ని తరగతులయందును దాని నుపయోగింపుడని చెప్పెను. పిల్లలు కూడిక మఱతురను భయమును వెంటనే పుట్టెను. 1986లో హెంబ్రీ, డెసార్ట్ అను పండితులు 79 పరిశోధనలను కలిపి పరిశీలించిరి. పాతబోధనతో జతగా వాడినచోట సామాన్య విద్యార్థి చేతిలెక్క చెడలేదు సరికదా, కొంత మెఱుగుపడెను. నాలుగవ తరగతిలో మాత్రము నిరంతర వినియోగము కీడు చేసినట్లు తోచెను.

ఇంగ్లండులో 11 ఏండ్ల పిల్లల జాతీయ పరీక్షనుండి యంత్రమును 2014లో తొలగించిరి. 2022 నుండి 8, 9 ఏండ్లవారికి పండ్రెండవ ఎక్కమువఱకు 25 ప్రశ్నల పరీక్షను తప్పనిసరి గావించిరి. ప్రశ్న యొక్కింటికి 6 సెకండ్లే గడువు.

దీనివలన తేలునదేమి? యంత్రము శత్రువు గాదు. క్రమము తప్పుటయే కీడు. 48ని 25తో హెచ్చవేయుచు బాలుడు పొరబాటున నడుమ బిందువును నొక్కెననుకొందము. యంత్రము జంకులేక 120 అని చూపును. ఎక్కములు వచ్చినవాడు, “ఏబది ఇరువదియైదులే పండ్రెండువందల యేబది గదా, ఇంత తక్కువ యెట్లగును?” అని నిలుచును. రానివాడు ఆ యంకెనే నమ్మి నష్టపోవును.

కావున పెద్దలారా, మనుమడు యంత్రము పట్టినచో కసరకుడు. మీట నొక్కుటకు ముందు “సుమారెంత యగును, నాయనా?” అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నకు బదులు చెప్పగలవాని చేతిలో యంత్రము సేవకుడై యుండును.