సెమీఫైనల్ తర్వాత ఆరు నెలలు: హైదరాబాద్ ఎఫ్‌సిపై డెల్టా నుంచి ఒక పరిశీలన

2023 మార్చి 13 రాత్రి కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ రెండో అంచె జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సి, ఏటీకే మోహన్ బగాన్ తలపడ్డాయి. నాలుగు రోజుల ముందు గచ్చిబౌలిలో ఆడిన తొలి అంచెలో గోల్ పడలేదు. కోల్‌కతాలో తొంభై నిమిషాల్లోనూ పడలేదు, అదనపు సమయంలోనూ పడలేదు. మొత్తం 210 నిమిషాలు రెండు జట్లూ ఒకదాన్నొకటి గోల్ దాకా రానివ్వలేదు. పెనాల్టీల్లో హావియర్ సివేరియో తన్నిన బంతిని గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపాడు. బార్తొలొమ్యూ ఓగ్బెచె తన్నిన బంతి కొయ్యకు తగిలింది. 4-3 తేడాతో ఓడి హైదరాబాద్ ఇంటిదారి పట్టింది. గెలిచిన మోహన్ బగానే ఆ ఏడాది ట్రోఫీ కూడా ఎత్తుకుంది.

ఇది సిగ్గుపడాల్సిన ఓటమి కాదు. లీగ్ దశలో 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచిన జట్టు అది. అంతకు ముందేడాది విజేత కూడా. అయినా తర్వాతి సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. 8 పాయింట్లతో అట్టడుగున పడింది. 2025 అక్టోబరు నాటికి జట్టు పేరూ మారింది, ఊరూ మారింది. సెమీఫైనల్‌కీ తర్వాతి సీజన్ ఆరంభానికీ మధ్య ఉన్న ఆ ఆరు నెలల్లో ఏమైందన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ప్లేఆఫ్‌లో ఓడిన జట్టు విరామకాలాన్ని క్రీడా పత్రికలు ఒక పట్టికగా రాస్తాయి: ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, కొత్త కోచ్ ఎవరు. ఆ పట్టిక చెప్పేది తక్కువ. హైదరాబాద్ ఉదాహరణ చూస్తే, ఓడిన జట్టుకు ముందేముందో తెలియాలంటే రెండు లెక్కలు అడగాలి. ఒకటి జీతాల లెక్క, రెండోది నేల లెక్క. జట్టుకు సొంత గడ్డమీద మైదానాలు, పిల్లలు, వేళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఈ రెండో దాని అర్థం. మొదటిదాని గురించి ఎంతో కొంత చర్చ జరిగింది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కృష్ణా డెల్టాలోని గన్నవరంలో కూర్చుని చూసేవాడికి మాత్రం ముందు కనబడేది అదే.

క్లబ్ పుట్టుకలోనే ఈ లోపం ఉంది. 2019లో ఎఫ్‌సి పుణె సిటీ మూతపడితే, ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సి వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. తొలి సీజన్ 2019–20లో రెండే గెలుపులతో చివరి స్థానం. మరుసటి ఏడు కొవిడ్ వచ్చి లీగ్ మొత్తం గోవాకు తరలింది. 2020–21, 2021–22 రెండు సీజన్లూ గోవాలోనే సాగాయి. స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ జట్టును కుదుటపరిచింది అక్కడే. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ ఆడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1గా సమం చేసింది. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో హైదరాబాద్ విజేత అయింది. తెలుగు నేలమీద ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఆ సీజన్ ట్రోఫీ గెలిచిన జట్టు అది. తప్పు జట్టుది కాదు, కాలానిది. కానీ దాని ఫలితం మిగిలింది: విజేత జట్టును గచ్చిబౌలిలో మనవాళ్లు కళ్లారా చూసింది 2022–23 ఒక్క సీజనే. అభిమానం అలవాటుగా మారడానికి ఒక్క సీజన్ చాలదు.

ఫైనల్లో గెలిచిన ఆ జట్టులోని భారతీయులు ఎక్కడివారో చూస్తే నేల లెక్క తెలుస్తుంది. కట్టిమణి గోవా, ఆశిష్ రాయ్ సిక్కిం, ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్, చింగ్లెన్‌సనా, యాసిర్ మణిపూర్, సౌవిక్ చక్రవర్తి బెంగాల్, అనికేత్ జాదవ్ మహారాష్ట్ర. అందరూ మంచి ఆటగాళ్లే, హైదరాబాద్ పేరు నిలబెట్టినవాళ్లే. వాళ్లలో తెలుగు జిల్లాల నుంచి ఎదిగినవాడు లేడు. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే వాళ్లకు ఈ ఊరితో సంబంధం. అది తెగితే మళ్లీ కలిపేది ఏదీ లేదు.

ఇక 2023 వేసవి. మనోలో మార్కెజ్ ఎఫ్‌సి గోవాకు వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, హాలిచరణ్ నర్జారీ, రోహిత్ దాను బెంగళూరుకు, సివేరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు, ఓదెయ్ ఒనైన్‌దియా గోవాకు వెళ్లారు. ఓగ్బెచె కూడా వీడిపోయాడు. పోయినవాళ్ల వరుస పెద్దదే. వచ్చినవాళ్ల వరుస కూడా చిన్నదేం కాదు. మెక్సికో జాతీయ జట్టుకు ఆడిన ఒస్వాల్దో అలానిస్, ఫిన్లాండ్‌కు ఆడిన పెట్టెరి పెన్నానెన్, కోస్టారికాకు ఆడిన జొనాథన్ మోయా, ఆస్ట్రేలియా నుంచి జో నోల్స్ వచ్చారు. సెప్టెంబరులో పేర్లు మాత్రమే చదివినవారికి ఇది నిలదొక్కుకునే జట్టులాగే కనిపించి ఉండాలి. పట్టిక మీద ఆధారపడి వేసే అంచనా ఎంత బలహీనమో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పట్టికలో లేనిది బకాయిల సంగతి. ఆటగాళ్ల జీతాలు పేరుకుపోయాయి. వివాదాలు ఫిఫా దాకా వెళ్లి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్‌పై నిషేధం పడింది. ఇక్కడ నిబంధన ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పతనం వేగం అందులోనే ఉంది. ఫిఫా నియమావళి ప్రకారం క్లబ్ రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వవచ్చు. గడువులోగా డబ్బు అందకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు తెంచుకుని వెళ్లిపోవచ్చు. క్లబ్‌కు బదిలీ రుసుము దక్కదు. నిషేధం ఉంది కనుక వెళ్లినవాడి స్థానంలో ఇంకొకరిని తెచ్చుకోనూలేదు. అంటే ఒక బాకీ రెండు వైపుల నుంచి కోస్తుంది: ఉన్నవాణ్ణి పంపేస్తుంది, రావలసినవాణ్ణి ఆపేస్తుంది. 2024 జనవరికల్లా విదేశీయుల్లో బ్రెజిల్ ఆటగాడు జొవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లారు. మిగిలిన సీజన్‌ను తంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతో నెట్టుకొచ్చాడు. మార్చిలో చెన్నయిన్‌పై 1-0తో వచ్చిన ఆ ఒక్క గెలుపు ఆ కుర్రాళ్లదే. ఆ సీజన్ గురించి రాసేటప్పుడు వాళ్ల పట్టుదల గురించి ఒక వాక్యం రాయకపోతే అన్యాయం.

ఆ తర్వాతి కథ త్వరగా ముగుస్తుంది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024–25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇదంతా ఒక యజమాని తప్పు అనేసి ఊరుకుంటే విషయం సగమే అవుతుంది. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు అప్పగించింది. లీగ్ నడిచింది ఆ ఒప్పందం మీదే. దాని గడువు 2025 డిసెంబరు. గడువు దగ్గరపడి, కొత్త ఒప్పందం తేలక, 2025 జులైలో లీగ్ నిర్వాహకులు సీజన్‌ను పక్కన పెట్టారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సి జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నయిన్ తన కార్యకలాపాలు ఆపింది. బెంగళూరు స్థిరమైన క్లబ్‌గా పేరున్నది. దానికే ఆ గతి పట్టిందంటే, లోపం ఒక ఊరిది కాదు. సీజన్‌కు సీజన్‌కు మధ్య ఆటగాడి కుటుంబం ఎలా బతకాలన్న ప్రశ్నకు ఈ వ్యవస్థ దగ్గర జవాబు లేదు.

ఒకప్పుడు హైదరాబాద్ దగ్గర జవాబు ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ విజయాలను అందరూ తలచుకుంటారు, వాటి వెనక ఉన్న ఏర్పాటును తలచుకునేవారు తక్కువ. పోలీస్ జట్టు ఆటగాడు శాఖ ఉద్యోగి. ఆట ఉన్న నెలా, లేని నెలా అతనికి ఒకటే జీతం. ఓడినా, మోకాలికి దెబ్బ తగిలినా ఇల్లు గడుస్తుంది. పాత పద్ధతే మళ్లీ తేవాలని నేననను. వృత్తి ఫుట్‌బాల్ ఇచ్చే శిక్షణ, వైద్యం, వేగం శాఖల జట్లు ఇవ్వలేవు. కానీ వృత్తి క్లబ్ ఆటగాడికి కనీసం ఆ భరోసా ఇవ్వగలగాలి. పన్నెండు నెలల జీతానికి బ్యాంకు గ్యారంటీ చూపిన క్లబ్‌కే లైసెన్స్ ఇవ్వాలని నిబంధన పెడితే 2023లో జరిగింది చాలావరకు తప్పేది.

ఇప్పుడు నేల లెక్క. పూర్తి స్థాయి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కొలతలో ఎకరం ముప్పావు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10 మీటర్లు, వాలీబాల్ కోర్టు 18కి 9. ఒక్క ఫుట్‌బాల్ మైదానంలో యాభైకి పైగా కబడ్డీ కోర్టులు పడతాయి. కృష్ణా డెల్టా పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ ఎందుకు పాతుకుపోయాయో, ఫుట్‌బాల్ ఎందుకు నిలవలేదో చెప్పడానికి అభిరుచుల దాకా పోనక్కర్లేదు, ఈ కొలతలు చాలు. ఇక్కడ కాలవ కింది భూమి ఖాళీగా ఉండదు. వరి కోశాక మినుము పడుతుంది. ఊళ్లో మిగిలిన ఖాళీ చోటు బడి ఆవరణే. దాంట్లో రెండు కర్రలు పాతి వల కడితే వాలీబాల్ సిద్ధం. ఫుట్‌బాల్‌కు అంత చోటు కావాలంటే విజయవాడ వైపు కాలేజీ మైదానాలకు పోవాలి. గన్నవరం నుంచి అది 20 కిలోమీటర్లు. పదేళ్ల పిల్లాడు రోజూ బడి వదిలాక అంత దూరం పోయి రాలేడు.

ఆంధ్ర ప్రాంతానికి వృత్తి ఫుట్‌బాల్ వచ్చే అవకాశం ఒకసారి దగ్గరదాకా వచ్చింది. 2020లో ఐ-లీగ్‌లో నేరుగా ప్రవేశం పొందిన శ్రీనిధి సంస్థ బిడ్ విశాఖపట్నం పేరు మీదే వేసింది. జట్టు శ్రీనిధి దక్కన్‌గా చివరికి హైదరాబాద్ శివార్లలో స్థిరపడింది. 2022–23, 2023–24 రెండేళ్లూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. పై లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌కు మొదటి స్థానం వారికే దారి ఉండేది. తరలిపోవడాన్ని నేను తప్పుపట్టను. మైదానం, వసతి ఎక్కడ ఉంటే క్లబ్ అక్కడికే పోతుంది. 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్‌లో, విభజన తర్వాత మిగిలిన జిల్లాల్లో అలాంటి చోటు లేకపోవడమే ఆలోచించాల్సిన విషయం.

రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయి. జీతాలు ఆగిన నెలల్లో హైదరాబాద్‌ను కాపాడగలిగేది సొంత గడ్డమీద పెరిగిన ఆటగాళ్ల బలగమే. ఆ బలగం తగినంత లేదు. క్లబ్ ఢిల్లీకి పోతున్నప్పుడు మా పిల్లల దారి మూసుకుపోతోందని అడ్డం నిలబడటానికి జిల్లాల్లో అకాడమీలూ లేవు, వాటిలో చేర్చిన తల్లిదండ్రులూ లేరు.

గన్నవరం చుట్టూ విమానాశ్రయం దగ్గర, రాజధాని దారిలో పొలాలు వేగంగా ప్లాట్లవుతున్నాయి. లేఔట్‌లో పదో వంతు నేలను ఖాళీ స్థలంగా వదలాలన్నది రాష్ట్ర నిబంధన. 18 ఎకరాల లేఔట్‌లో ఆ పదో వంతు ఒక ఫుట్‌బాల్ మైదానానికి సరిపోతుంది. దాన్ని మూలకో ముక్కగా చీల్చకుండా ఒకేచోట, 105 మీటర్ల పొడవు వచ్చేలా వదిలించే అధికారం అనుమతులిచ్చే వారికి ఉంది. కృష్ణా జిల్లా క్రీడాధికారులూ, పంచాయతీలూ, ఆ లేఔట్లలో ప్లాట్లు కొంటున్న మనమూ నక్షా మీద సంతకాలు పడకముందే ఆ మైదానం అడగాలి.