సీమనూనె బుడ్డీ, రాష్ట్రపతి ఎన్నికా

1969 రాష్ట్రపతి ఎన్నికను గురించి మనవాళ్లు రాసినదంతా కుప్పపోస్తే చిన్న గ్రంథమే అవుతుంది. సిండికేటు ఓటమి, అంతరాత్మ ప్రబోధం, బ్యాంకుల జాతీయీకరణ - ఈ మూడు మాటల చుట్టూనే ఆ రాతలు చాలావరకు తిరిగాయి. ఆ ఎన్నికలో ఓడిన అభ్యర్థి నీలం సంజీవరెడ్డి 1967లో మా హిందూపురం స్థానం నుంచే లోక్‌సభకు వెళ్లాడు. ఢిల్లీ నుంచి చూసేవారికి ఇదొక చిన్న వివరం. చిలమత్తూరు నుంచి చూసే నాకు అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది. రాష్ట్రపతి కాదలచినవాడు ఎవరిని ఓటడుగుతాడు? దేశంలో కరెంటు ఎవరు కాల్చాలి, ఎవరు పొదుపు చెయ్యాలి అన్న ప్రశ్నకు అతను జవాబుదారీయేనా?

ఆ ఆగస్టులో నేను బడిపిల్లవాణ్ణి. మా వీధికి కరెంటు రాలేదు. సీమనూనె బుడ్డి ముందు కూర్చుని చదివేవాళ్లం. మా నాయన తెల్లవారకముందే కపిల తోలడానికి వెళ్లేవాడు. ఆగస్టు 20న ఫలితం వచ్చింది. పంచాయతీ రేడియో దగ్గర మా అయ్యవారు అంకెలు రాసుకుని గట్టిగా చదివారు. మొదటి ప్రాధాన్యపు ఓట్లలో వి.వి.గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. మావాడు ఓడిపోయాడని కొందరు తలలు వంచుకున్నారు. మా నాయన మాత్రం ఒక్క మాట అడిగాడు: "గెలిచినాయన కరెంటు ఇస్తాడా, ఓడినాయన ఇచ్చేవాడా, అయ్యవారూ?"

అయ్యవారు నవ్వి ఊరుకున్నారు. తరవాత నేను చదివిన రాజకీయ వ్యాసాల్లోనూ ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

చరిత్ర వరసగా చూద్దాం. 1969 మే 3న జాకీర్ హుసేన్ చనిపోయాడు. జులైలో కాంగ్రెసు పెద్దలు బెంగుళూరులో కూడారు. మాకు బెంగుళూరు అంటే ఒక పూట బస్సు ప్రయాణం; కొడికొండ దగ్గర రోడ్డెక్కితే అటు బాగేపల్లి, ఆ తరవాత బెంగుళూరే. అక్కడ పార్లమెంటరీ బోర్డు ఇందిరాగాంధీ మాట కాదని సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. ఆమె సూచించిన పేరు జగ్జీవన్ రామ్. అయినా సంజీవరెడ్డి నామినేషను కాగితం మీద ఆమే సంతకం పెట్టింది. జులై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. అదేరోజు సంజీవరెడ్డి స్పీకరు పదవి వదిలాడు. ఆ మర్నాడు గిరి తన పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్యపు ఓట్ల కోసం జనసంఘంతోనూ, స్వతంత్ర పార్టీతోనూ మాట్లాడడం ఇందిరాగాంధీకి కావలసిన సాకు ఇచ్చింది. అంతరాత్మ చెప్పినట్టు ఓటు వెయ్యమంది.

ఇద్దరు అభ్యర్థులూ తెలుగువాళ్లే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరు రైతు కుటుంబంలో 1913లో పుట్టి, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయినవాడు. రెండోవాడు 1894లో బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులతో పనిచేసి, ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షుడైనవాడు, 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం తగ్గించినందుకు కేంద్ర మంత్రి పదవి వదిలినవాడు. వామపక్షాలు గిరి వైపు నిలిచాయి. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పుడు కూడా అనను. కాని ఆ గెలుపును శ్రామికవర్గ విజయంగా పాడుకున్న మనం, 1974 మేలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ పాత రైల్వే కార్మిక నాయకుడేనన్న విషయం దగ్గర ఎందుకు తడబడ్డాం? వ్యక్తి చరిత్ర వేరు, పీఠం వర్గస్వభావం వేరు అని అప్పుడు తెలిసింది. ముందే తెలిసి ఉండాల్సింది.

ఇక కరెంటు సంగతి. బ్యాంకుల జాతీయీకరణ జరిగిన ఆరు రోజులకు, అంటే 1969 జులై 25న, గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. గ్రామీణ పరపతిని సమీక్షించిన వెంకటప్పయ్య కమిటీ సిఫార్సు అది. రాష్ట్రపతి ఎన్నిక హోరులో ఆ వార్త మునిగిపోయింది. మా నాయన ప్రశ్నకు నిజమైన జవాబు మాత్రం ఆ మూలన పడిన వార్తలోనే ఉంది. కార్పొరేషను అప్పుతో లైన్లు వచ్చాయి, జాతీయ బ్యాంకు అప్పుతో మోటర్లు వచ్చాయి. కపిలలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. అంతరాత్మలు చేసిన పని కాదిది. విద్యుత్తు బోర్డూ బ్యాంకూ చేసిన పని. అదికూడా అందరికీ సమానంగా చెయ్యలేదు. బావి ఉన్నవాడికి మోటరు వచ్చింది, బావి లేనివాడికి గుడిసెలో ఒక బల్బు వచ్చింది. ఆ బల్బుకూడా మాల మాదిగ వాడలకు ఆలస్యంగానే వచ్చిందని ఈ ప్రాంతంలో తిరిగినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

సంజీవరెడ్డి 1969లో ఓడి, 1971లో అనంతపురం నుంచి లోక్‌సభకు నిలబడి మళ్లీ ఓడి, సేద్యానికి మళ్లాడు. 1977లో నంద్యాల నుంచి గెలిచాడు. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలుంటే జనతా పార్టీకి దక్కింది అదొక్కటే. ఆ జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. పోటీ లేదంటే ప్రచారం లేదు, ప్రచారం లేదంటే ఎవరికీ ఏ విన్నపమూ చెయ్యనక్కరలేదు. అయితే ఆగస్టు 15 ముందు రోజు ఆయన ఒక ప్రకటన చేశాడు. దేశంలోని పేదలకు సంఘీభావంగా రాష్ట్రపతి భవనం విడిచి చిన్న ఇంటికి మారతానని, జీతంలో నూటికి 70 వంతులు వదులుకుంటానని. 340 గదుల మేడ అది.

ఆ ప్రకటన మీద హిందూపురం గ్రంథాలయం అరుగుపైన మేం మిత్రులం రెండు సాయంత్రాలు కొట్లాడుకున్నాం. ఒక మిత్రుడు, స్కూలు మేష్టరు, దాన్ని గాంధీ మార్గమన్నాడు. పాలకుడు ముందు తన దీపం ఆర్పితే తరవాత ఊరికి చెప్పవచ్చునన్నాడు. నేను ఒప్పుకోలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 2న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్ని చొక్కా తొడుక్కుని టెలివిజన్ ముందు కూర్చుని, ఇళ్లలో వేడి తగ్గించుకోండి, పగలు 65 డిగ్రీలు, రాత్రి 55 చాలునని తన ప్రజలకు చెప్పాడు. ఏప్రిల్‌లో ఇంధన సంక్షోభాన్ని యుద్ధంతో పోల్చాడు. నా వాదన ఇది: సగటు భారతీయుడికంటే పదుల రెట్లు కరెంటు కాల్చే దేశానికి పొదుపు చెప్పడం న్యాయమే. ఇంకా బుడ్డి దీపం దగ్గర ఉన్నవాడికి పొదుపును ఆదర్శంగా చూపడం మాత్రం అన్యాయం. మా వాడికి తగ్గించుకోవడానికి ఏముంది? వత్తి తగ్గించాలా?

1978 జనవరిలో కార్టర్ ఢిల్లీ వచ్చాడు. సంజీవరెడ్డి రాష్ట్రపతిగా స్వాగతం పలికాడు. ఇద్దరూ నిరాడంబరులే, మంచిదే. ఆ సందర్శనలో అసలు పేచీ తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి అమెరికా ఇచ్చే యురేనియం మీద. తన దేశంలో ఇంధనం పొదుపు చెయ్యమన్నవాడు మన దేశంలో ఇంధనానికి షరతులు పెడతానన్నాడు. నా మిత్రుడు ఆ సాయంత్రం మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

కార్టర్ కథ అక్కడ ఆగలేదు. 1979 జూన్‌లో శ్వేతసౌధం కప్పుమీద సూర్యతాపంతో నీళ్లు కాచే పలకలు పెట్టించాడు. జులై 15న తన జనంతో, మీరు వస్తువుల్లోనూ అనుభోగంలోనూ మునిగిపోయారని సూటిగా చెప్పాడు. చిత్రంగా అదేరోజు ఇక్కడ మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాడు. సంజీవరెడ్డి పీఠానికి తొలిసారి నిజమైన అధికారం చేతికొచ్చింది. 1980 ఎన్నికల్లో రీగన్ పొదుపు కాదు, ఉత్పత్తి పెంచుదామన్నాడు. చమురు కంపెనీలకు అంతకంటే తీపి మాట ఏముంటుంది? కార్టర్ ఓడిపోయాడు. 1986లో ఆ పలకలు దింపేశారు. కార్టర్ ఓటమికి ఇరాన్ బందీల వ్యవహారం, ధరల పెరుగుదల కూడా కారణాలే. ఒక్క పొదుపు మాటే ఓడించిందనడం సరికాదు. కాని అక్కడ అభ్యర్థి ఇంధనం మీద తన వైఖరిని జనం ముందు పెట్టక తప్పలేదు. ఇక్కడి రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు ఎం.పి.లూ ఎం.ఎల్.ఏ.లూ. వాళ్ల ఇళ్లలో కరెంటు ఉంది.

కనుక మన దగ్గర ఆ చర్చ శాసనసభ ఎన్నికలకు మారింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చాక పంపుసెట్టు రైతుకు మీటరు లెక్క కాక హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున కట్టే పద్ధతి వచ్చింది. 1985 నుంచి ఆయన పక్కనున్న హిందూపురం ఎం.ఎల్.ఏ. కూడా. ఆ పద్ధతిని నేను సభల్లో సమర్థించాను. డెల్టా రైతుకు నీరు కాలువలో నడిచి వస్తుంది, ఆ కాలువ తవ్విన ఖర్చు ప్రభుత్వానిది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురం రైతు నీటిని పాతాళం నుంచి లాక్కోవాలి, ఆ లాగే ఖర్చూ ప్రభుత్వమే భరించాలి. ఈ వాదన నాకు ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది.

కాని నేను చూడనిది ఒకటుంది. ఎంత తోడినా కట్టేది అంతే అయినప్పుడు లోతుకు పోగలిగినవాడే గెలుస్తాడు. మా పక్క పొలంలో ఒకరు బోరు వేశారు. దానికి పోటీగా ఇంకొకరు ఇంకా లోతుగా వేశారు. మా నాయన కపిల తోలిన బావి ఎండిపోయింది. ఆయన అప్పుచేసి వేసిన బోరు మూడో ఏడు గాలి ఊదింది. చవక కరెంటు పెద్ద రైతు చేతిలో చిన్న రైతు నీటిని దోచే పనిముట్టు కూడా అయింది. పొదుపు అనే మాటను నేను పాలకవర్గపు మాటగా కొట్టిపారేశాను. భూమిలోని నీరు ఉమ్మడి సొత్తు గనక దాని పొదుపు పేదవాడి అవసరమని ఆనాడు తట్టలేదు. గ్రంథాలయం అరుగు మీది మిత్రుడు ఇప్పుడు లేడు. ఉంటే ఈ వాక్యం అతనికి చదివి వినిపించేవాణ్ణి.

2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాలు నడిపిన ఊరేగింపుపై హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004 మేలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టాడు. మధ్యలో, 2002లో, మరో రాష్ట్రపతి ఎన్నిక. అబ్దుల్ కలాంకు ఎదురుగా వామపక్షాలు ఆజాద్ హింద్ ఫౌజ్ కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ను నిలబెట్టాయి. గెలుపు కోసం కాదు, ఒక మాట చెప్పడం కోసం. 1,07,366 ఓట్ల విలువ దక్కింది. గెలిచిన కలాం 2005 ఆగస్టు 14న జాతినుద్దేశించిన ప్రసంగంలో 2030 నాటికి ఇంధన స్వాతంత్ర్యం సాధించాలన్నాడు. ఒక రాష్ట్రపతి కరెంటు గురించి అంత నేరుగా మాట్లాడడం విని సంతోషించాను. ఎవరి కరెంటు, ఎవరి స్వాతంత్ర్యం అన్నది మాత్రం ఆ ప్రసంగం తేల్చలేదు.

1963 జులై 24న నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. అది ముందు కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. ఆ జలాశయానికి తరవాత ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు హంద్రీ-నీవా పథకం ఆ జలాశయం వెనుక నీటిని 40 టి.ఎం.సి.ల లెక్కన మెట్టు మెట్టుగా ఎత్తిపోసి మా వైపు తేవాలి. 2016 డిసెంబరులో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు దాకా నీళ్లొచ్చాయి. నీటితో కరెంటు చేద్దామనుకున్న చోటినుంచే కరెంటుతో నీటిని పైకి లాగుతున్నాం. ఆ మోటర్లు కాల్చే యూనిట్లను ఏ రైతు పాసుపుస్తకంలో రాస్తారో, ఏ కార్ఖానా పేర రాస్తారో అడగాలని పోయిన నెల పెనుకొండ వెళ్లాను. గేటు దగ్గర మాతోపాటు నిలబడ్డ చిలమత్తూరు ముసలాయన ఒకడు కాలువ కేసి చూస్తూ, "మన పక్కకు ఎప్పుడు మళ్లిస్తారంట, సామీ?" అన్నాడు.