జోడు లోపలి దూది

బొంత కుట్టడం అయిపోగానే మా నాయన దబ్బనం తీసుకొని నాలుగు మూలలా, నడిమధ్యా గుచ్చి చూసేవాడు. దబ్బనం సులువుగా దిగిందంటే అక్కడ దూది పలచబడినట్టు. కుట్లు విప్పి మళ్లీ నింపేవాడు. మేం దూదేకులోళ్లం. ఆదోని మార్కెట్టుకొచ్చే పత్తి బండ్లను నమ్ముకొని మూడు తరాలు బతికినాం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పీర్ల పండగకి గుండం దగ్గరుంటాం, దసరాకి దూది ఏకే వింటికి పసుపూ కుంకుమా పెడతాం.

నేను మాత్రం విల్లు పట్టలేదు. బడిలో చరిత్ర చెప్పి రిటైరయినాను. ఆ చరిత్రలో మా నాయన పనికీ చోటుందని తెలిసింది రాజస్థాన్ వెళ్లినాక.

బికనీరులో జునాగఢ్ కోట ఉంది. 1589లో మొదలుపెట్టి 1594కి రాజా రాయ్‌సింగ్ పూర్తి చేయించిన కోట. అక్కడి ఆయుధశాల గురించి చదివినప్పటి నుంచీ చూడాలన్న ఆశ నన్ను వదల్లేదు. కారణం మా ఊరి పేరే. 17వ శతాబ్దపు దక్కనీ కవచాలు, శిరస్త్రాణాలు, కటార్లు ఆదోని నుంచి అక్కడికి చేరినాయి. చాలావాటి మీద లోహంలో చుక్కలు చుక్కలుగా పొడిచిన నాగరి అక్షరాలుంటాయి. ఎవరి సొత్తు, ఏ ఏడు, ఏ కోట పట్టినప్పుడు దొరికింది అన్నది అందులోని లెక్క. ఆ ఆయుధాలలో కొన్ని తర్వాత చేతులు మారి విదేశీ మ్యూజియాలకూ వేలంపాటలకూ పోయినాయి. వాటితో పాటు మా ఊరి పేరూ సముద్రాలు దాటింది.

అవి అక్కడికెట్లా పోయినాయో చెప్పాలి. 1565లో రాక్షస తంగడి యుద్ధం తర్వాత విజయనగరం చేజారిన కోటల్లో ఆదోని ఒకటి. 1568లో బిజాపూరు సుల్తాను వశమైంది. వందేళ్ల తర్వాత దాన్ని ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్. హబ్షీ, అంటే అబిసీనియా మూలాలవాడు. బిజాపూరులో వజీరు పదవి చేసి, అక్కడి కొట్లాటలతో విసిగి 1683లో తిరిగి ఆదోని చేరుకున్నాడు. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చింది ఈయనేనని మా ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. ఊళ్లో జామియా మసీదు కట్టించిందీ ఈయనే.

1686లో బిజాపూరు, 1687లో గోల్కొండ పడినాయి. ఆ తర్వాత ఔరంగజేబు చూపు ఆదోని మీద పడింది. సేనాని ఫిరోజ్ జంగ్. కోట లొంగకపోతే ఫిరంగులు మసీదు వైపు తిప్పినారనీ, తను ప్రాణంగా కట్టించుకున్న మసీదు కూలడం చూడలేక మసూద్ ఖాన్ తాళాలిచ్చేసినాడనీ ఒక కథ ఉంది. నిజమో కాదో, ఆ మసీదు రాతిపనిని దగ్గరగా చూసినవాళ్లకి నమ్మబుద్ధవుతుంది. కోట పడిన ఏడు చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ భాగం 1688 అంటాయి, బికనీరు ఆయుధాల గురించి రాసేవాళ్లు 1689 అంటారు.

మొగలుల పక్షాన వచ్చిన రాజపుత్రుల్లో బికనీరు మహారాజు అనూప్ సింగ్ ఒకడు. సంస్కృత పండితుడు. దక్కనులో తిరిగిన చోటల్లా తాళపత్రాలూ చేతిరాత పుస్తకాలూ సేకరించి పంపినాడు. అనూప్ సంస్కృత గ్రంథాలయం ఆయన పేరు మీదే ఉంది. కంచు విగ్రహాలు పంపినాడు. వాటితో పాటు మా కోటలోని కవచాలు. చివరికి ఆదోని పాలనాధికారిగా ఉండి 1698లో ఇక్కడే చనిపోయినాడు. ఆయన పోయింది మా ఊళ్లో, మా ఊరి కవచాలుండేది ఆయన ఊళ్లో.

పాత తెలుగులో కవచాన్ని జోడు అనేవాళ్లు. నేను అద్దాల వెనక చూసిన జోడు ఇనుప కడియాల అల్లిక. ఒక్కో కడియం చుట్టూ నాలుగు కడియాలు దూరి ఉంటాయి. తీగ చివరలు చదును చేసి, బెజ్జం పెట్టి, బియ్యపు గింజంత శీల కొట్టి మూస్తారు. ఒక చొక్కాకి అట్లాంటివి వేలు. పది కిలోల దాకా బరువు తూగుతుంది. దాని ముందు చాలాసేపు నిలబడినాను. నా కళ్లు మాత్రం ఇనుము మీద నిలవలేదు, దాని లోపలి ఖాళీలోనే ఉన్నాయి.

కడియాల అల్లిక కత్తి కోతను ఆపుతుంది కానీ దెబ్బను ఆపలేదు. గద పడితే చర్మం తెగకుండానే ఎముక విరుగుతుంది. వైశాఖమాసం ఎండలో ఆదోని కొండ మీద ఇనుము ఒంటికి తగిలితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. అందుకే కింద దూది నింపి దగ్గర దగ్గరగా కుట్టిన అంగీ ఉండాలి. దెబ్బను మింగేది అది, చెమటను పీల్చేది అది. ఇనుము అసలు లేకుండా వట్టి దూది జోళ్లూ ఉండేవి. బాణం ములికి దూది పోగుల్లో చిక్కుకుంటుంది, కత్తి జారిపోతుంది. అమెరికా ఖండంలో అజ్టెక్కుల దూది అంగీలు చూసి స్పెయిన్ సైనికులు తమ ఉక్కు వదిలి వాటినే తొడుక్కున్నారు. 1786లో ఆదోనిని ముట్టడించిన టిప్పు సుల్తానువని చెప్పే దూది జోళ్లు ఇప్పటికీ ఇంగ్లండులో ఉన్నాయి.

కొలువులకూ ఊరేగింపులకూ తొడిగే జోళ్ల తీరు వేరు. ‘చిల్తా హజార్ మాషా’ అని ఒకటి, అంటే వెయ్యి మేకుల కోటు. పైన మఖమలు, దాని మీద వరసగా బంగారు పూత మేకుల తలలు. కొన్నింట్లో గుడ్డ పొరల నడుమ చిన్న చిన్న లోహపు రేకులు దాచి కుడతారు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, హంపీ వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పాయెస్ మహర్నవమి పండగ చివర సైన్యం బారులు తీరడం చూసినాడు. బొంతకుట్టు అంగీలు, పచ్చితోలు పొరలు, లోపల ఇనుప రేకులు, కొన్నింటికి బంగారు, వెండి పూతలు, మెడ దాకా దిగే శిరస్త్రాణాలు — కళ్లు చెదిరి రాసుకున్నాడు. ఆదోని అప్పుడు ఆ రాయలదే. ఆ బారుల్లో మావాళ్లూ ఉండి ఉంటారు, ఆ అంగీల్లో మా నల్లరేగడి పత్తీ ఉండి ఉంటుందని నా నమ్మకం. నమ్మకమే, ఆధారం చూపమంటే చూపలేను. కానీ దూది దానంతటది ఏకబడదు. గింజ తీసి, ఏకి, సమంగా పరిచి, పొర మీద పొర వేసి కుట్టిన మనిషి ఒకడుండాలి. చుక్కల అక్షరాల్లో రాజు పేరుంది, కోట పేరుంది. ఆ మనిషి పేరు వాటిలో వెతికినాను.

నాయన పరుపు గుడ్డకి ఎమ్మిగనూరు పోయేవాడు. 1938లో మాచాని సోమప్ప పెట్టించిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు, దుప్పట్లకి పేరున్న ఊరు. గుడ్డను రెండు చేతుల్తో పట్టి వెలుగుకి ఎత్తి చూసేవాడు. “నేత సందుల్లోంచి దూది బయటికొస్తే నా పని దండగ” అనేవాడు సాలోళ్లతో. వాళ్లూ ఒప్పుకొనేవాళ్లు. కవచం సంగతి వాళ్లకీ తెలీదు, ఆయనకీ తెలీదు. గట్టి నేత, సమంగా పరిచిన దూది, దగ్గర కుట్టు — ఒంటికి కాపు కావలసిన మూడూ ఆ బేరంలో ఉన్నాయి.

ఇప్పుడు మా జిల్లాలో కవచాలు తొడిగించుకునేది దేవుళ్లు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనానికి బంగారు కవచం తొడిగినప్పుడు జనంలో నిలబడి నేనూ దండం పెట్టినాను.

నాయన దూది దుమ్ముతో దగ్గి దగ్గి పోయినాడు. మూతికి గుడ్డ కట్టుకోమని ఎంత చెప్పినా, ఏకేటప్పుడు ఊపిరాడదని తీసేసేవాడు. విల్లు నా దగ్గరే ఉంది. బికనీరు నుంచి వచ్చిన ఏడు దసరాకి దాన్ని అటక మీద నుంచి దించి తుడిచినాను. తంతి తెగి ఉంది. కొయ్య మీద చెయ్యి పట్టే చోట నున్నగా గుంట పడింది. నా అరచెయ్యి అందులో పెట్టి చూసినాను. నాయన చెయ్యి నాదానికంటే పెద్దది.